బావ ఊపిరి తెగిన చోట

మొన్న చీపురుపల్లి దగ్గర ఒక పెళ్లిలో సన్నాయి వాయించి భోజనానికి కూర్చున్నాను. పక్క వరసలో ఎవరో ఆఫీసు ఉద్యోగి తన తోటివాళ్లకి చెబుతున్నాడు. పనిచేసే చోట మనం చేసే చిన్న చిన్న సాయాలు మనుషుల బతుకుల్నే మార్చేస్తాయట. ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. మార్చేస్తాయి నాయనా, ఎందుకు మార్చవు? నన్నడుగు, చెబుతాను.

పద్దెనిమిదేళ్లు నేనొక గుడిలో సన్నాయి వాయించాను. ఏ గుడో చెప్పను, శ్రీకాకుళం వైపు ఒక మోస్తరు గుడి. రెండు సన్నాయిలు, ఒక డోలు, అదీ మా మేళం. నా పక్కన వాయించేవాడు నాకు వరసకి బావ, నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. మా ఇద్దరి తండ్రులూ అదే మండపంలో, అదే మూల కూర్చుని వాయించారు.

రెండు సన్నాయిలు దేనికని చాలామంది అడుగుతారు. ఊపిరి కోసం. ఒకడు గాలి పీల్చుకునే ఆ క్షణంలో రెండోవాడు అదే స్వరాన్ని అందుకుంటాడు. వినేవాళ్లకి పాట ఎక్కడా తెగదు. పక్కవాడి భుజం కొంచెం లేస్తే చాలు, మన నోరు దానంతటదే అందుకోవాలి. చిన్నప్పుడు నేను అందుకోవడం ఆలస్యమైతే మా నాన్న వేళ్ల మీద కొట్టేవాడు. అలా అలవాటైంది నాకు.

మూడేళ్ల కిందట బావకి ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. నెల్లాళ్లు మంచం దిగలేదు. తిరిగి వచ్చాక సన్నాయి నోట పెడితే రెండు స్వరాలు పలికేసరికి ఆయాసం. ఆ రోజు మా మేళంలో డోలు వాయించే తాత టీకి వెళ్లినప్పుడు బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, ఎవులికీ సెప్పకు. సెలవెడితే నా జాగాలో మరొకడ్ని ఎట్టీస్తారు. నువ్వే కాయాల."

కాశాను. ఎనిమిది నెలలు ఆయన సన్నాయి పెదాలకి ఆనించుకుని వేళ్లు ఆడించేవాడు, వాయింపంతా నాది. ఇంటికెళ్లేసరికి నా దవడలు పట్టేసేవి, అన్నం నమల్లేకపోయేవాణ్ని. తర్వాత కొంచెం కోలుకున్నాడు. అయినా పొడుగు స్వరాల దగ్గర తెగిపోయేవాడు, నేను అందుకునేవాణ్ని. డోలు తాతకి తప్ప ఎవరికీ తెలియదు. తాత కూడా నోరు మెదపలేదు. ఇందులో గొప్పేముంది? పక్కవాడికి ఊపిరందకపోతే చూస్తూ కూర్చుంటామా?

కిందటేడు కొత్త ఈవో గారు వచ్చారు. హారతి వేళకి గంటా డప్పూ కలిపి మోగించే కరెంటు మెషిను ఒకటి పెట్టించారు. ఆ తర్వాత రెండు సన్నాయిలు అనవసరం, ఒకటి చాలన్నారు. పెద్దవాడు గనక ముందు బావని పిలిచి మాట్లాడారు. మర్నాడు నన్ను పిలిచారు. "మీ బావగారే చెప్పారు, మీకు సొంతంగా వాయింపు లేదట. ఆయన వాయించిందే వెనకాల సాగదీస్తారట, అంతేనా?" అన్నారు.

నా చెవుల్ని నేను నమ్మలేదు. ఒళ్లు మండిపోయింది. బావ జబ్బు సంగతి నోటిదాకా వచ్చింది, కానీ మాటిచ్చాను కదా, మింగేశాను. ఇద్దరి చేతా విడివిడిగా వాయింపించి చూడమని గట్టిగా అడిగాను. ఆయన సరేనన్నారు. మొహాలు చూస్తే మొహమాటం వస్తుందని, ఎల్లుండి పొద్దున్న తన గదిలో కూర్చుని మైకులోనే వింటానన్నారు. ముందు బావ, తర్వాత నేను. చెరొక భూపాళం.

బయటికొచ్చి చెప్పుల స్టాండు దగ్గర బావని నిలదీశాను.

"ఏటి బావా, అలగ సెప్పీసినావు?"

ఆయన తలెత్తలేదు. "నీకు ఊపిరున్నాది. యే పెళ్లికెళ్లినా బతుకుతావు. నాకీ గుడి తప్ప ఏటున్నాదిరా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. బతిమాలుకుని ఉంటే నేనే తప్పుకునేవాణ్నేమో. నా పరువు తీసి, నా జాగా లాక్కోవాలా? ఆ రెండు రోజులూ ఆయనతో మాట్లాడలేదు.

ఎల్లుండి రానే వచ్చింది. ఎప్పటిలాగే పక్కపక్కనే కూర్చున్నాం. బావ మొదలుపెట్టాడు. నిజం చెప్పాలి, బాగానే వాయించాడు. అయితే పై షడ్జం మీద నిలబడే చోటొకటి ఉంది, అక్కడ తెగుతాడని నాకు తెలుసు. దానికోసమే కాచుకుని కూర్చున్నాను. తెగు, తెగు, అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆ చోటు వచ్చింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. భుజం లేచింది.

నేను అందుకున్నాను.

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, కావాలని కాదు. సన్నాయి ఎప్పుడు నోట పెట్టానో నాకే తెలియదు. తాత డోలు మీద చెయ్యి ఆపేసి నావైపు చూశాడు. అప్పటికే బావ గాలి పీల్చుకుని మళ్లీ పట్టుకున్నాడు. మైకులో పాట ఎక్కడా తెగలేదు.

తర్వాత నా వంతు. అదే చోట నాకూ గాలి కావాల్సి వచ్చింది, ఎవరికైనా కావాలి. నా భుజం లేచింది. పక్కన బావ సన్నాయి ఒళ్లో పెట్టుకుని నోట పెట్టుకునే దాని పీకని కండువాతో తుడుచుకుంటున్నాడు. నేను పీల్చుకున్నంతసేపూ మండపంలో సన్నాయి పలకలేదు.

"ఆయనది ధారగా వచ్చిందండీ, మీది మధ్యలో తెగింది," అన్నారు ఈవో గారు. పాపం, విన్నదే చెప్పారు. ఆ ఊపిరి నాదేనని చెబితే నవ్వారు. తాతని పిలిచి అడిగితే, తాత ఆ మెషిను వైపు ఒకసారి చూసి, డోలు మీదే ధ్యాసుందని, గమనించలేదని చెప్పాడు. ఆయన భయం ఆయనది. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "నీ సేత్తో నువ్వే ఇచ్చీసి వచ్చినావు," అంది.

ఇప్పుడు పెళ్లిళ్లే నా బతుకు. శ్రీముఖలింగం నుంచి బొబ్బిలి దాకా ఎవరు పిలిస్తే అక్కడికి. పొద్దున్న బస్సుకి ఆ గుడి వీధిలోంచే వెళ్లాలి. మైకులో బావ భూపాళం వినిపిస్తుంటుంది. వినకూడదనే వేగంగా నడుస్తాను. పై షడ్జం దగ్గరికొచ్చేసరికి ఆయన తెగుతాడు, రోజూ అక్కడే. సరిగ్గా అప్పుడు నా భుజం లేస్తుంది, రొమ్ము నిండా గాలి నిండుతుంది. సిగ్గులేని రొమ్ము. నన్ను నేనే తిట్టుకుని, ఆ గాలిని అక్కడే వదిలేసి బస్సెక్కుతాను.