పిట్టగోడ లేని కాలవల ఊళ్ళో ఆరు రోజులు

డెల్ఫ్ట్ వెళ్దామన్నది మా ఆయన. మస్కట్‌లో, ఘుబ్రాలో మా ఫ్లాట్. సుధాకర్ ఉద్యోగం మాత్రం దుక్మ్ పోర్టులో, ఆరు గంటల దారి. గురువారం సాయంత్రం ఇంటికి వస్తారు, శనివారం సాయంత్రం వెళ్ళిపోతారు. జూన్‌లో కంపెనీ వాళ్ళు రోటర్‌డామ్‌లో నాలుగు రోజుల ట్రైనింగ్‌కి పంపుతున్నారని, మా నాలుగేళ్ళ జెస్సీకి స్కూలు సెలవులే కాబట్టి ముగ్గురం వెళ్దామని అన్నారు. రోటర్‌డామ్ నుంచి రైల్లో పావుగంట దూరంలో డెల్ఫ్ట్ అనే పాత ఊరుంది. వందల ఏళ్ళ నాటి ఇళ్ళు, రెండు పెద్ద చర్చిలు, వీధివీధికీ ఒక కాలవ. ఫోన్‌లో ఫోటోలు చూపించారు. నేను ఇళ్ళు చూడలేదు, కాలవల అంచులు చూశాను. ఒక్కదానికీ పిట్టగోడ లేదు. రోడ్డు అయిపోయిన చోట నీళ్ళు మొదలు.

"నేను రాను" అన్నాను.

ఎందుకో ఆయనకి తెలుసు. కిందటి ఏడాది ఈద్ సెలవుల్లో, సూర్ ఊరికి వెళ్ళే దారిలో ఒక వాదీకి, అంటే కొండవాగుకి, వెళ్ళాం. కొండల మధ్య లోతైన నీటిమడుగులు, చుట్టూ నున్నటి బండలు. జెస్సీని ఆయనకి అప్పగించి నేను అన్నం డబ్బాలు విప్పుతున్నాను. తలెత్తేసరికి ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నారు, పాప బండ చివర నిలబడి ఉంది. మరుక్షణం నీళ్ళలో ఉంది. మా ఇద్దరికీ ఈత రాదు. పక్కన వంట చేసుకుంటున్న నిజామాబాద్ వాళ్ళలో ఒకతను లుంగీతోనే దూకి పాపని పైకి తెచ్చాడు. "ఏం గాలేదక్కా, జర నీళ్ళు మింగింది, గంతే" అన్నాడు. అతని పేరైనా అడగలేదు మేము.

ఆ రోజు నుంచి పాపని ఆయనతో ఒంటరిగా పంపలేదు, కింద కొట్లో పాల ప్యాకెట్‌కి కూడా. "ఫోన్ చూసుకుంటారుగా" అని ఒక్క మాటంటే చాలు, ఆయన మారు మాట్లాడేవారు కాదు. కానీ నేను చెప్పనిది ఒకటుంది. తలెత్తగానే నేను "జెస్సీ!" అని గొంతు చించుకుని అరిచాను. అప్పటిదాకా కదలకుండా నిలబడ్డ పిల్ల నా అరుపుకి గిరుక్కున తిరిగింది. కాలు జారింది అప్పుడే. వాగు హోరులో ఆయనకి ఏం వినిపించిందో నాకు తెలియదు. నేను అడగలేదు, చెప్పనూ లేదు.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. రువీ బజార్లో పిల్లల సామాన్ల షాపులో ఒక పట్టీ దొరికింది. పిల్ల భుజాలకీ నడుముకీ తొడిగి, రెండో చివర మన మణికట్టుకి చుట్టుకోవాలి. అది ఎప్పుడూ నా చేతికే ఉండాలన్నాను. ఆయన సరేనన్నారు.

శనివారం ఉదయం పది దాటాక మస్కట్‌లో విమానం ఎక్కాం. మా వరసలో జగిత్యాల ఆయన ఒకరు కూర్చున్నారు. దుక్మ్‌లోనే ఏదో సైట్‌లో పనట, దోహా మీదుగా హైదరాబాద్ వెళుతున్నారు. పట్టీ చూసి నవ్వారు.

"గిదేంది చెల్లె, లేగదూడకు కట్టినట్టు పిల్లకు పలుపు కట్టినవ్?"

"నేను దూడనా మమ్మీ?" అంది జెస్సీ వెంటనే.

"కాదు బిడ్డా, దూడ జర చెప్పినట్టు ఇంటది."

సుధాకర్ గట్టిగా నవ్వి, నా మొహం చూసి ఆపేశారు. జగిత్యాల ఆయన సుధాకర్ వైపు తిరిగారు. "నీది నయం తమ్మీ, వారం వారం పిల్లను చూస్తవ్. నా బిడ్డ పుట్టినకాన్నుంచి నాలుగుసార్లు వోయిన. ఎత్తుకుంటే ఏడుస్తది."

సుధాకర్ ఆ తర్వాత దోహా దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

దోహాలో నాలుగు గంటలు ఆగి, సాయంత్రం ఎనిమిదిన్నరకి ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాం. రైల్వే స్టేషన్ ఎయిర్‌పోర్టు కిందే ఉంది. పెద్దవాళ్ళు టికెట్ కొననక్కర్లేదు, బ్యాంకు కార్డు మెషీన్‌కి తాకిస్తే చాలు. దిగేటప్పుడు మళ్ళీ తాకించడం మరవకండి, మరిస్తే ఎక్కువ కోసుకుంటుంది. నాలుగేళ్ళు నిండిన పిల్లలకి విడిగా టికెట్ తీసుకోవాలి. మేం వెళ్ళినప్పుడు రెండున్నర యూరోలు. ముప్పావుగంటలో డెల్ఫ్ట్. పదిన్నరయినా ఆకాశంలో ఇంకా వెలుగుంది, జెస్సీ ఇది పగలేనని వాదించింది.

మా బస ఒక పాత ఇంటి పై అంతస్తు. కింద ఇంటావిడ ఆన్నెకా ఉంటారు, అరవై దాటిన మనిషి. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉన్నాయి. ఆవిడ తాళాలిచ్చి ఏవో చెబుతుంటే నేను వీధిగుమ్మం నుంచి నీళ్ళదాకా అడుగులు లెక్కపెట్టాను. ఎనిమిది.

ఆదివారం ముగ్గురం ఊరు చూశాం. పెద్ద చౌక్‌కి ఒక కొసన కొత్త చర్చి, ఎదురుగా ఎర్ర తలుపుల టౌన్‌హాల్. కొత్త చర్చి అనడమే గానీ దాని వయసు కూడా వందల ఏళ్ళు. లోపల పాత రాజకుటుంబీకుల సమాధులున్నాయి. ఒక పాలరాతి దొర కాళ్ళ దగ్గర పాలరాతి కుక్క పడుకుని ఉంది. జెస్సీ దాన్ని వదిలి రానంది. పాత చర్చి గోపురం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, కింద నిలబడి తలెత్తితే మీద పడుతుందేమో అనిపిస్తుంది. చౌక్ దగ్గర వేడివేడి చిన్న అట్లు, వెన్న వేసి పంచదార చల్లి ఇచ్చారు. ఇవన్నీ బాగున్నాయి. కానీ నా చెయ్యి నొప్పి పుట్టింది. వీధి ఇరుకు, వెనక నుంచి సైకిళ్ళు, పక్కన నీళ్ళు. వంతెన మీద సుధాకర్ చెయ్యి చాపారు.

"కాసేపు నాకియ్యి రూతూ."

"వద్దండీ."

"ఇంకా ఎన్నాళ్ళు?"

నేను పట్టీని మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకున్నాను. ఆయన ముందుకు నడిచిపోయారు.

సోమవారం నుంచి ఆయన పొద్దున్నే ఎనిమిది గంటల రైలుకి రోటర్‌డామ్ వెళ్ళేవారు. ఇక నేనూ, పాపా, ఆ ఎనిమిది అడుగులూ. సోమవారం వానలో నీలిరంగు పింగాణీ చేసేచోటికి వెళ్ళాం. వెంట్రుకంత సన్నటి కుంచెలతో పళ్ళేల మీద ఓడల్నీ పువ్వుల్నీ దిద్దుతున్నారు, చూడటానికి రెండు గంటలు పడుతుంది, తప్పకుండా వెళ్ళండి. మంగళవారం నేను ఇల్లు కదలలేదు. రొట్టె మీద వెన్న రాసి చాక్లెట్ పలుకులు చల్లుకుని తినడం నేర్చుకున్న జెస్సీకి ఇల్లే బాగుంది.

బుధవారం ఆన్నెకా పైకి వచ్చారు. "ఎండ కాస్తుంటే లోపల కూర్చున్నారేం?" అన్నారు. ఆవిడ ఇంగ్లీషు నిదానంగా, నాకు అర్థమయ్యేలా ఉంటుంది. నేను నిజమే చెప్పాను, కాలవంటే భయమని. ఆవిడ నవ్వలేదు. "బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు. మనవరాలి ఈత క్లాసుకి వెళుతున్నాను, మీరూ రండి."

బస్సులో పది నిమిషాలు. అద్దం వెనక బెంచీ మీద కూర్చున్నాం. ఐదారేళ్ళ పిల్లలు పదిమంది వచ్చారు. ఒంటి మీద ప్యాంట్లు, పొడుగు చేతుల చొక్కాలు, కాళ్ళకి బూట్లు. బట్టలు మార్చుకుంటారనుకున్నాను. టీచరమ్మ చెయ్యి ఎత్తింది, ఒక్కొక్కరే ఆ బట్టలతో, ఆ బూట్లతో నీళ్ళలోకి దూకారు. నేను లేచి నిలబడిపోయాను. నీళ్ళలో నిలువుగా ఒక గుడ్డ దించి ఉంది, దానికొక కంత. పిల్లలు మునిగి ఆ కంతలోంచి దూరి అవతల తేలుతున్నారు. తేలేదాకా నేను ఊపిరి పీల్చలేదు.

"బూట్లతోనా?" అన్నాను.

"కాలవలో పడేటప్పుడు ఈత బట్టలు వేసుకుని పడరు కదా" అన్నారు ఆన్నెకా. "ఈ ఊళ్ళో నీళ్ళకి గోడ కట్టలేం. పడితే ఏం చెయ్యాలో నేర్పుతాం. మీకు ఈత వచ్చా?"

"రాదు."

"మీ ఆయనకి?"

"రాదు."

"మరి మీరు ఆ పట్టీ పట్టుకుని ఏం చేస్తారు? పిల్ల పడితే మీరూ పడతారు." ఆవిడ మాటలో వెటకారం లేదు, అడిగారంతే.

గురువారం చౌక్‌లో సంత. సుధాకర్ ట్రైనింగ్ ముగించుకుని ఒంటిగంటకే వచ్చేశారు. చీజ్ బండి దగ్గర పెద్ద వరస. నా చేతినిండా సంచులు. ఆయన చెయ్యి చాపలేదు, అడగనూ లేదు. నేనే మణికట్టు నుంచి పట్టీ విప్పి ఇచ్చాను. "ఇక్కడే ఉండండి" అన్నాను.

చీజ్ తూచి ఇచ్చేసరికి వాళ్ళక్కడ లేరు.

చౌక్ ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగాను. ఫోన్ చేస్తే ఎంగేజ్. చర్చి వెనక కాలవ దగ్గరికి వచ్చాను, అవతలి గట్టున కనిపించారు. పట్టీ ఇటుకల మీద కుప్పగా పడి ఉంది. జెస్సీ అంచున గొంతుకూర్చుని నీళ్ళలోకి వంగింది. పక్కన ఆయన, చెవి దగ్గర ఫోన్.

ఆ పేరు నా గొంతు దాకా వచ్చింది. సంచుల్ని వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

వంతెన ముప్పై అడుగుల దూరంలో ఉంది. పరిగెత్తలేదు, పరుగు చప్పుడుకీ తిరుగుతుందేమో. వంతెన మీద సైకిళ్ళు అడ్డమై కాసేపు వాళ్ళు కనబడలేదు. దేవా, దేవా అనుకుంటూ దిగాను. దగ్గరికి వెళ్ళాక చూశాను, ఆయన రెండో చెయ్యి పాప గౌను వెనక భాగాన్ని మొత్తం పిడికిట్లో బిగించి ఉంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"నీకే చేస్తున్నా, ఎంగేజొస్తోంది" అన్నారు గుసగుసగా. "మెల్లగా రా."

"మమ్మీ, ష్! పిల్లలున్నాయి" అంది జెస్సీ.

నీళ్ళ మీద పుల్లలూ, చాక్లెట్ కాగితాలూ పోగేసి కట్టిన గూటిలో ఒక నల్లపిట్ట, దాని కింద ఎర్ర తలల కూనలు. నేను ఇటుకల మీద కూలబడ్డాను. ఆ అరుపు సంగతి చెప్పాల్సింది అప్పుడే, చెప్పలేదు.

శుక్రవారం ఉదయం ఎయిర్‌పోర్టు రైల్లో చెప్పాను. జెస్సీ కిటికీలో ఆవుల్ని లెక్కపెడుతోంది.

"ఏవండీ, ఆ రోజు వాదీలో అది ఊరికే జారలేదు. నేను అరిచాను. నా అరుపుకే తిరిగింది."

ఆయన నావైపు తిరిగారు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"అప్పట్నుంచే."

"ఏడాది, రూతూ" అన్నారు. "ఏడాదిగా నా కూతుర్ని కిందకి తీసుకెళ్ళాలంటే నిన్ను అడుక్కుంటున్నా." విమానంలో పాపని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

డెల్ఫ్ట్ చిన్న ఊరు, తీరిగ్గా చూసినా మూడు రోజులు చాలు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు భయపడకండి అని చెప్పలేను, నేను భయపడ్డాను. ఆ నీళ్ళ పక్కనే అన్నేళ్ళుగా ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని కని, వాళ్ళకి బూట్లతో ఈదడం నేర్పుతున్న మనుషుల్ని చూడటానికైనా వెళ్ళండి.

దోహాలో ఆయన రెండు టీలు తెచ్చి ఒకటి నా ముందు పెట్టారు.

"డాడీ, నీకు కోపమా?" అడిగింది జెస్సీ.

"అవును."

"నా మీదా?"

"నీ మీద కాదు." టీ సగం తాగాక నావైపు చూడకుండా అన్నారు, "ఘుబ్రాలో పెద్దవాళ్ళకి ఈత నేర్పేచోటు ఎక్కడుందో కనుక్కో. శుక్రవారాలైతేనే నాకు కుదురుతుంది."

మస్కట్ విమానానికి పిలిచారు. ఆయన జెస్సీ చెయ్యి పట్టుకుని ముందు నడిచారు. గేటు దగ్గర జనంలో ఇద్దరూ కనబడకుండా పోయారు. నేను టీ పూర్తిగా తాగి, సంచులు తీసుకుని, వరసలో చివర నిలబడ్డాను.