నీళ్ళొచ్చే దినం మా ఫైటరు చేపకు గండం

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకడు ఎప్పుడూ చావడానికి సిద్ధంగా ఉండేవాడు... నీలం రంగు, బొటనవేలంత పొడవు, పట్టుపంచె కుచ్చిళ్ళ మాదిరి తోక. ఫైటరు చేప.

తళవాయిపురంలో ఉండే మా మామ ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి, వాణ్ణి అందులో వదిలి, నన్నూ మా అవ్వనూ బస్సెక్కించినాడు. మా ఊరు రాజపాళయం వచ్చేదాకా కవర్ని ఒళ్ళో పెట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా బస్సు తరఫున నేనే వాడికి క్షమాపణ చెప్పుకొంటా వచ్చినాను.

వెడల్పు మూతి గాజు సీసాలో వదిలి, వంటింటి గట్టు మీద ఇత్తడి కుడాల పక్కన పెట్టినాము. కుడం అంటే బిందె, మా ఊరి మాట.

అంతే... వాడు అడుగుకు పోయి పక్కకు వాలి పడుకొన్నాడు. మేత గింజ వేస్తే చూడలేదు. ఇంకోటి వేసినాను. అదీ అడుగుకు పోయి వాడి పక్కనే పడుకొంది.

కొంచంసేపటికి పైకొచ్చి, నోరు తెరిచి గాలి మింగి, మళ్ళీ కిందికి పోయినాడు. ఊపిరాడక అల్లాడతా ఉండాడని నేను ఏడుపు మొదలుపెట్టినాను. ఆ జాతి చేపలు అట్లనే గాలి మింగుతాయని ఇప్పుడు తెలుసు... అప్పుడు నాకు తెలిసిన వైద్యమంతా విసనకర్ర. విసిరినాను కూడా.

కాస్త తేరుకొంటే ఇంకో పని. పక్కనున్న కుడంలో తన మొహమే చూసుకొని, చెంపలు ఉబ్బించి, రెక్కలు విప్పి యుద్ధానికి పోయేవాడు. చింతపండు పెట్టి తోమిన కుడం... శత్రువు తళతళా మెరిసిపోయేవాడు. పొద్దంతా పోరాడి, ఓడి, మూలకు చేరేవాడు.

తినడు, పలకడు, ఊరికే కోపం... కొత్తల్లుడు ఇట్లనే ఉంటాడని తేల్చింది మా అవ్వ. ఆ దినం నుంచి వాడి పేరు అల్లుడు. సీసాను కుడానికి దూరంగా కిటికీ పక్కకు మార్చినాము. యుద్ధం ఆగింది. రంగు తేలింది. ఒక గింజను వాసన చూసి వదిలినాడు. ఇంట్లో ఆశ పుట్టింది...

అప్పుడు నీళ్ళొచ్చే దినం వచ్చింది.

మాకు పైపులో నీళ్ళు దినమూ రావు. వచ్చే దినం పాత నీళ్ళన్నీ పారబోయాల, ఉన్న ప్రతి పాత్రా తోమాల, కొత్త నీళ్ళు పట్టాల. ఆ దినం తోమని గిన్నె ఒక్కటి మిగిలినా మా అమ్మకు అన్నం దిగదు. ఆ చట్టంలో చేపకు మినహాయింపు లేదు. అల్లుణ్ణి లోటాలోకి మార్చి, సీసాను లోపలిదాకా రుద్ది, క్లోరిన్ మందు వాసన కొట్టే తాజా నీళ్ళు పట్టి, వాణ్ణి మళ్ళీ అందులో వేసేది. అంతా ప్రేమే.

వాడు తెల్లబోయినాడు... నిజంగానే, నీలం పోయి బూడిద రంగు. మళ్ళీ అడుగున, పక్కకు వాలి.

ఇట్లా ప్రతిసారీ. నాలుగు దినాలు కోలుకొనేవాడు, నీళ్ళొచ్చిన దినం పడిపోయేవాడు. నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కినాను, తెలియని వాళ్ళకు కూడా పొరుగింటి పిల్ల చేత మొక్కించినాను. చివరికి అమ్మ తీర్పు చెప్పేసింది. ఇంకోసారి ఇట్లా పడుకొంటే మామ దగ్గరికే పంపేస్తానని, తన ఇంట్లో ఏ ప్రాణీ ఆకలితో పోగూడదని. నేను తినడం మానేసినాను. అల్లుడికి తోడుగా.

ఆ వారం గమనించినాను... నీళ్ళ మీద, ఒక పక్కగా, చిన్న నురగ. ముందు కూడా అది చూసినప్పుడల్లా అమ్మ నీళ్ళు చెడినాయని ఇంకా గట్టిగా తోమేది. ఈసారి నేను సీసాకు కళ్ళు అతికించి కూర్చొన్నాను. అల్లుడు పైకొచ్చి గాలి మింగినాడు, చిన్న బుడగ ఊదినాడు, దాన్ని పోయి నురగ పక్కన అంటించినాడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. రాలిన బుడగను నోటితో ఏరి తెచ్చి పెట్టినాడు...

నురగ నీళ్ళది కాదు. వాడి కష్టం అది.

సరిగ్గా అప్పుడే పైపు బుస్సుమంది. అమ్మ కొంగు దోపుకొని సీసా కోసం వచ్చింది. నేను రెండు చేతులా వాటేసుకొన్నాను.

"వదలవే. కుళ్ళిన నీళ్ళల్లో పెట్టి చంపుతావా?"

నేను ఏడుస్తానే నురగ వైపు వేలు చూపించినాను. అవ్వ అద్దాలు పెట్టుకొని వచ్చి, సీసా ముందర వంగి, చాలాసేపు చూసింది. అవతల కుడం నిండి పొర్లిపోతా ఉంది, ఎవరూ పోలేదు.

"ఇల్లు కట్టుకొంటా ఉండాడే వాడు," అనింది అమ్మతో. "కట్టిందల్లా నువ్వు కడిగి పారబోస్తా ఉంటే, వాడికి ముద్ద ఎట్లా దిగుతాది?"

అమ్మ కూడా వంగి చూసింది. వాడు ఇంకో బుడగ తెచ్చి పెట్టినాడు. అమ్మ చేతిలో తోమే పీచు అట్లనే ఉండిపోయింది.

"సరి. వాసన వచ్చిందంటే సీసాతో పాటు నిన్నూ తోముతా," అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

ఆ దినం మా ఇంట్లో తోమని పాత్ర ఒకటి మిగిలింది. సాయంత్రం గింజ వేస్తే వాడు ఎగిరి పట్టుకొన్నాడు. నేనూ అన్నం తిన్నాను, రెండు మార్లు. ఆ తర్వాత సీసాలో నీళ్ళను, ముందు దినమే పట్టి పెట్టిన నీళ్ళతో లోటా లోటాగా మార్చింది... ఎవరు? మా అమ్మే. నురగ కదలకుండా, ఊపిరి బిగబట్టి.

ఇప్పుడు చేప కొంచం వాలితే ఫోన్ని అడుగుతాము, కారణం చెప్తుంది, మనం తల ఊపి పక్కకు పెట్టేస్తాము... తలా ఒక తప్పు వైద్యం చెప్పుకొంటా, బొటనవేలంత ప్రాణం చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చొని బెంగపడే పొద్దులు ఎక్కడికి పోయినాయో.

మీ ఇంట్లో అట్లా అందరి అన్నం మాన్పించిన ప్రాణి ఏది? చెప్పండి... బతికిందో లేదో కూడా.