వెంట్రుకవాసి తగ్గిన శ్రుతి

లారీలోంచి సామాను దించి స్టేజీ బిగిస్తున్నంతసేపూ పిలియెన్ స్టేజీ ముందు వేసిన ప్లాస్టిక్ స్టూళ్ల మధ్య తిరుగుతూ ఉంటుంది. సరిగ్గా నడిమధ్యన ఆగి, కళ్లు మూసుకుని ఒక్క చప్పట కొడుతుంది. ఆ చప్పుడు గుడి గోడకు తగిలి ఎలా తిరిగి వస్తుందో విన్న తర్వాతే స్పీకర్లు ఎటు తిప్పాలో చెబుతుంది. ఏ ఊరు వెళ్లినా ఇదే వరస. ముందే వచ్చి కూర్చున్న ముసలివాళ్లు ఆటపట్టిస్తారు. "అమ్మవారు లేచే ఉందమ్మా, కునుకు తీస్తున్నది మేమే!"

పిలియెన్‌ది చియాయి పట్నం. ముప్పైనాలుగేళ్లు వచ్చేదాకా ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో పిల్లలకు కీబోర్డు నేర్పింది. యూన్‌లిన్ వైపు గుళ్లలో ఆడే ఒక నాటకబృందంలో రెండు తీగల ఫిడేలు వాయించే బూన్‌టెక్‌కు పక్షవాతం వచ్చి ఎడమచేతి వేళ్లు రెండు పడిపోతే, ఆ ఖాళీలోకి వచ్చింది. ఒకప్పుడు ఆరుగురు వాయించిన చోట అప్పటికి ఇద్దరే మిగిలారు: డోలు కొట్టే అతను, కీబోర్డుతో ఆమె. ఫిడేలు, వేణువు, గంట అన్నీ ఆ పెట్టెలోంచే రావాలి.

వచ్చిన రెండో ఏడు, చాంద్రమానం మూడో నెలలో వచ్చే మాజు అమ్మవారి పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, గొడవ బయటపడింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి వేషం వేసే ఖిమ్, ఆట అయ్యాక ముఖానికి నూనె రాసి రంగు తుడుచుకుంటూ అంది.

"ఏంటమ్మాయ్ ఆ ఫిడేలు? నేను గుండె బాదుకుని ఏడుస్తుంటే వెనకాల దోమ పాడినట్టుంది. కాలు మోపడానికి నేల లేకపోతే గొంతు ఎక్కడ నిలబెట్టను?"

బృందం నడిపే సూయిహోక్ ఆమెకు మేనల్లుడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అందుకున్నాడు. "అందుకే చెబుతున్నా అత్తా, రికార్డింగు పెట్టేద్దాం. గుడి ముందు మనకు పోటీగా ఆడే ఎదురు స్టేజీవాళ్లు చేస్తున్నది అదే కదా? నువ్వు పెదాలు కదిపితే చాలు."

"నలభై ఏళ్లు అమ్మవారి ముందు నా గొంతుతో ఏడ్చాను రా. ఇప్పుడు ఉత్త నోరు ఆడించమంటావా? పెట్టుకో నీ రికార్డింగు. నేను మెట్టెక్కను."

"సరే, పుట్టినరోజు దాకా చూస్తా," అన్నాడు సూయిహోక్, పిలియెన్ వైపు తిరిగి. "ఆ రోజు పాట నిండుగా ఉంటే ఇలాగే నడుద్దాం. లేకపోతే లేదు."

ఖిమ్ గొంతూ, తన పనీ ఒకే తాడున వేలాడుతున్నాయని పిలియెన్‌కు అర్థమైంది. మాటలతో గెలవడం ఆమెకు ఎప్పుడూ చేతకాదు. ఆ రాత్రీ మర్నాటి ఉదయమూ కీబోర్డు ముందే కూర్చుంది. ఫిడేలు మీద వయొలిన్ల గుంపు, దాని మీద ఆర్గన్, దాని మీద బృందగానం పేర్చి, పైనుంచి గుహలో పాడినట్టు ప్రతిధ్వని కలిపింది. గదిలో వింటే ఒళ్లు జలదరించింది. మధ్యాహ్నం స్టేజీ మీద వాయిస్తే అంతా ముద్దయిపోయింది. ఖిమ్ మాట ఒక్కటీ వినబడలేదు.

డోలు కొట్టే అతను నవ్వాడు. "సూపు బాగా చిక్కబడింది అక్కా. చేప ముక్కే కనిపించట్లేదు."

ఆ మర్నాడు పొద్దున ఆమె ఒంటరిగా మీటలు తిప్పుకుంటుంటే బూన్‌టెక్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఫిడేలు వదిలాక దుస్తులు ఇస్త్రీ చేయడం, తెర వెనక బృందం దేవుణ్ణి ఉంచే పెట్టెకు అగరువత్తులు వెలిగించడం అతని పని.

"అన్నీ తీసెయ్," అన్నాడు. "ఒక్క ఫిడేలే ఉంచు."

"అదే కదా బాబాయ్ దోమలా ఉందన్నది."

"పక్కన ఇంకొకటి పెట్టు. అచ్చంగా అలాంటిదే. దాని శ్రుతి వెంట్రుకవాసి దించు."

"శ్రుతి తప్పుతుంది కదా?"

"తప్పనీ. చావింట్లో పదిమంది ఏడుస్తారు. ఒకే శ్రుతిలో ఏడుస్తారా?"

అతను కాసేపు తన చచ్చుబడిన వేళ్లను చూసుకున్నాడు.

"మా ఆవిడ గ్వాత్, నేను ఇరవయ్యెనిమిదేళ్లు పక్కపక్కన కూర్చుని వాయించాం. ఎప్పుడూ నాకన్నా వెంట్రుకవాసి కిందే ఉండేది. నీ చెవులు ఎక్కడ తాకట్టు పెట్టావే అని రోజూ తిట్టేవాణ్ణి. నేను కింద ఉంటేనే నువ్వు పైన వినబడతావు అనేది. అది పోయాక మొదటిరోజు ఒక్కణ్నే వాయించాను... అప్పుడు తెలిసింది."

పిలియెన్ రెండో ఫిడేలు కలిపి శ్రుతి దించసాగింది. స్వరానికీ పక్క స్వరానికీ మధ్య ఎడాన్ని నూరు పాళ్లు చేస్తే అందులో రెండు, మూడు. ఐదు దగ్గర ధ్వని నీళ్లలా కదలడం మొదలైంది. పది దగ్గర అతను ముఖం చిట్లించాడు. "తాగి తూలుతోంది." ఆమె వెనక్కి తెచ్చింది. ఏడు దగ్గర అతని చెయ్యి గాల్లోకి లేచి అలాగే ఆగింది.

"నా విల్లు కదిలాకే తనది కదిలేది," అన్నాడు కొంతసేపటికి. పిలియెన్ రెండోదాన్ని రెప్పపాటు వెనక్కి జరిపింది. మొదటిదాన్ని ఎడమ స్పీకర్లో, రెండోదాన్ని కుడిదాంట్లో పెట్టింది. కింది స్థాయిలో అదే వరస, వినీ వినబడనంత మెల్లగా చేర్చింది. చివరికి ఖిమ్ గొంతుకు చోటుండేలా మధ్య స్థాయిలో రెంటినీ కొంచెం తగ్గించింది. కళ్లెత్తి చూసేసరికి బూన్‌టెక్ లేచి నిలబడ్డాడు.

"రేపు ఈ పాట టైముకి నన్ను ఇక్కడ ఉండమనకు," అని బయటికి వెళ్లిపోయాడు.

పుట్టినరోజు మధ్యాహ్నం ఎదురు స్టేజీ రికార్డింగు హోరెత్తుతోంది. మిక్సర్ దగ్గర సూయిహోక్ తన రికార్డింగు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. ఇవతల స్టూళ్లలో ఉన్నది పదకొండు మంది. శోకం పాటకు ముందు వచ్చే రెండు స్వరాలు పిలియెన్ మోగించగానే, మోకాళ్ల మీద ఉన్న ఖిమ్ తల కొంచెం వెనక్కి తిరిగింది. అరతాళం ఆలస్యమైంది. అప్పుడు ఖిమ్ పాట ఎత్తుకుంది. ఆ గొంతు మెల్లగా మొదలై, తడబడకుండా పైకి వెళ్లి, ఎదుటి హోరు మీదుగా గుడి లోపలికి పోయింది.

ఎదుటి జనం ఇవతలికి రాలేదు. ఇవతల పదకొండు మందీ మాత్రం కదల్లేదు. సూయిహోక్ రికార్డింగు ముట్టుకోలేదు. ఆట ముగిశాక, "ఈ నెలకి ఇలాగే కానివ్వండి," అని తాళ్లు విప్పించడానికి వెళ్లాడు.

ఖిమ్ రంగు కూడా తుడుచుకోకుండా వచ్చి కీబోర్డు మీద చెయ్యి వేసింది. "గ్వాత్ నీకు ఎక్కడ దొరికిందే?"

పిలియెన్ తెర వెనక బూన్‌టెక్ ఇస్త్రీ బల్ల వైపు చూపించింది.

ఆ నెల గడిచింది, తర్వాతి నెలా గడిచింది; రికార్డింగు మాట మళ్లీ రాలేదు. ఖిమ్ ఇంకో మూడేళ్లు పాడి, తనంతట తానే మానేసింది. ఆ తర్వాతి చలికాలంలో బూన్‌టెక్ పోయాడు.

పిలియెన్‌కు ఇప్పుడు యాభైమూడేళ్లు. హువెయ్ ఊళ్లో మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఏడాదికి నూటనలభై రోజులు ఆ బృందంతోనే వాయిస్తుంది. ఖిమ్ వేసిన వేషాలు ఇప్పుడు ఖిమ్ శిష్యురాలే వేస్తోంది, సొంత గొంతుతో పాడుతోంది.