చీర కింద ఖాకీ పేంటు

డెబ్బైల చివర్లో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఓడలకు కావలసిన సరుకులు అందించే చిన్న ఆఫీసు అది. మల్కాపురంలో మేమున్న అద్దె ఇంటికి రెండు మైళ్లు కూడా ఉండదు. కానీ పొద్దున్న బస్సులో కాలు పెట్టే చోటు దొరికేది కాదు. అందుకని అన్నయ్య ఎవరి దగ్గరో పాత లేడీస్ సైకిలు ఒకటి కొని తెచ్చాడు. అమ్మానాన్నలు సబ్బవరం అవతల పల్లెలో వ్యవసాయం చూసుకునేవారు. ఇక్కడ మేం ముగ్గురమే: అన్నయ్య, వదిన, నేను.

సైకిలు తొక్కడం నాకు చిన్నప్పుడే వచ్చు, పరికిణీతో. చీరతో తొక్కడం వేరే విద్య అని తెలియదు. ఉద్యోగంలో చేరిన వారం తిరక్కుండానే, రిఫైనరీ గేటు ముందు, సరిగ్గా షిఫ్టు వదిలే వేళకు నా నైలెక్స్ చీర కుచ్చిళ్లు చైనులో పడ్డాయి. కింద పడలేదు గానీ దిగడానికీ లేదు, కదలడానికీ లేదు. గేట్లోంచి మగవాళ్లు గుంపులుగా వస్తున్నారు. ఒక పెద్దాయన వచ్చి రోడ్డు మీద కూర్చుని, తల పక్కకు తిప్పుకుని, పెడలు వెనక్కి తిప్పుతూ బట్టను కొంచెం కొంచెంగా లాగాడు.

"అయిపోనాది తల్లీ, ఎల్లు," అని, నా మొహం వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

ఆ రోజంతా గ్రీజు మరకలున్న కుచ్చిళ్లు టేబులు కింద దాచుకుని టైపు చేశాను. సాయంత్రం ఇంటికొచ్చి, ఇక సైకిలు ఎక్కనని ఏడ్చాను.

"మానీ అయితే. బస్సుకే ఎల్లు," అన్నాడు అన్నయ్య.

వదిన చీర అంచు దీపం దగ్గర పట్టుకుని చూస్తోంది. "బట్ట సరింగా కట్టకపోతే సైకిలేటి సేత్తాది? ఇంకో రకం బట్ట ఏసుకోకూడదా అమ్మీ?"

"ఆపీసుకి సీరే కట్టుకు రావాలన్నారు వదినా," అన్నాను.

వదినది మా పక్క ఊరే. ఏడో తరగతితో చదువు మానిపించి నాట్లకు పంపారు. ఆ ఆదివారం అన్నయ్య పాత ఖాకీ డ్యూటీ పేంటు తీసి, నడుము తగ్గించి, కింద కాళ్లు బిగువుగా వచ్చేలా చేత్తోనే కుట్టింది. దాన్ని నాకు తొడిగి, పైన చీర కట్టి, కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి రెండు పక్కలా దోపింది. పైట నడుము చుట్టూ తిప్పి ముడేసింది.

"నాట్లకి దిగీటప్పుడు మేం ఇలాగే ఎత్తి కట్టుకుంతాం. బురద అంటదు, కాలికి అడ్డం రాదు," అంది.

అన్నయ్యకు నచ్చలేదు. "మగోడి పేంటేసుకుని రోడ్డు మీదకి ఎల్తాదా?"

"నువ్వు ఇడిసేసిన పేంటే గదా. ఇప్పుడది అమ్మీది," అంది వదిన. అన్నయ్య నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

సోమవారం అలాగే వెళ్లాను. ఆఫీసు వెనక బాత్‌రూములో పేంటు విప్పి సంచిలో పెట్టుకుని, చీర కిందికి దించుకుని, మామూలు టైపిస్టునై బయటికొచ్చాను. రోడ్డు మీద ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. నెల తిరిగేసరికి అదీ లేదు. ఓడరేవు వైపు నుంచి ఎగిరొచ్చే ఇనుప ఖనిజం దుమ్ముకు లేత రంగులు ఆగవని వదినే నాకు ముదురు రంగు వాయిల్ చీరలు ఎంచిపెట్టేది. వానాకాలంలో ఆఫీసు చీర ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చి, పాతది కట్టించి పంపేది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, అన్నయ్య డ్యూటీలో ఉండగా, వదిన మెల్లగా అడిగింది. "అమ్మీ, నాను ఎక్కితే ఒప్పుతాదా?"

ఆ ఖాకీ పేంటే తొడుక్కుంది. కొండ వైపు ఖాళీ స్థలానికి వెళ్లాం. సీటు పట్టుకుని వెనక పరుగెత్తాను. మూడు సెలవు రోజుల్లో నేర్చేసుకుంది. మూడో రోజు "వదిలీ, వదిలీ" అని తనే అరిచింది. వదిలేశాను. ఆ స్థలమంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి, చెమటతో, గట్టిగా నవ్వుతూ. ఇంట్లో వదిన అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

"మీ ఆపీసు దాకా ఓపాలి ఎల్దామా? నువ్వు ఎనక కూకో, నాను తొక్కుతాను," అంది.

"వచ్చే ఆదివారం," అన్నాను. వచ్చే ఆదివారం చుట్టాలొచ్చారు. ఆ తర్వాత వానలు. ఆ తర్వాత నాకే బద్ధకం. వారమంతా తొక్కిన దారే కదా అనిపించింది. వదిన మళ్లీ అడగలేదు.

ఏడాది తిరక్కుండా అన్నయ్యకు స్టీలుప్లాంటు పనుల్లో ఉద్యోగం దొరికి, గాజువాక అవతలికి మారిపోయారు. నేను స్నేహితురాలితో కలిసి ఒక గదిలో ఉండిపోయాను. పొద్దున్నే తయారై గుమ్మం దగ్గరికొచ్చి, వదిన వచ్చి కుచ్చిళ్లు చూస్తుందని అలవాటుగా ఒక్క క్షణం ఆగేదాన్ని. తర్వాత నేనే సరిచూసుకునేదాన్ని. సైకిలు తీసుకుని వెళ్లిపోయేదాన్ని.

ఒకసారి ఎండలో ఆ దూరమంతా తొక్కుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. వదిన చంకలో పసిపాప ఉంది. చేపల పులుసు వేసి అన్నం పెట్టింది. బయలుదేరేముందు పాపను నేను ఎత్తుకుని, "ఓపాలి ఎక్కు వదినా," అన్నాను. వదిన హ్యాండిలు మీద చెయ్యి వేసి, వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూసింది. అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఇక్కడ కాదమ్మీ. అందరూ మనోల్లే," అని చెయ్యి తీసేసింది.

ఆ తర్వాత నాకు పెళ్లయింది, ఆఫీసు మారింది, సైకిలు ఎవరికో ఇచ్చేశాం. వదిన జబ్బుచేసి పోయి చాలా ఏళ్లయింది. ఆ రెండు మైళ్ల దారిలో ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్తుంటాను, బస్సులోనో ఆటోలోనో. ఎంతసేపనీ, పది నిమిషాల దారి. ఒక్క ఆదివారం ఖాళీ చేసుకుంటే సరిపోయేది.