నా పెరట్లో వీధి దోమలు

డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్తలో, దోమలకు నాకన్నా పెద్ద శత్రువు లేదని గట్టిగా నమ్మేదాన్ని. ధర్మవరంలో ఒక మగ్గాల వీధికి నన్ను డెంగీ నివారణ కార్యకర్తగా వేశారు. మూడు నెలల ఉద్యోగం; తనిఖీలో వీధి శుభ్రంగా కనిపిస్తేనే పొడిగింపు. అదే వీధిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ప్రతి శుక్రవారం గడపగడపకూ వెళ్లి, డ్రమ్ముల్లోకి టార్చిలైటు వేసి, తోకలాడించే పురుగులను చూపించి, "నీళ్లు పారబోయండి" అని ఉపన్యాసమిచ్చేదాన్ని. (నాకిచ్చిన పుస్తకంలో అలాగే ఉంది. అది రాసినాయన ఇంట్లో కొళాయి రోజూ వస్తుందేమో.) పక్కింటి అవ్వ మగ్గం మీద నుంచి లేవకుండానే అడిగేది: "పారబోస్తాంలేమ్మా. మళ్లా కొళాయి ఐదు దినాలకు వస్తాది. అంతవరకూ ఏం తాగల్ల? నీ మాటలా?"

తనిఖీ రోజు పొద్దున అదే అవ్వ దగ్గర ఏడ్చినంత పని చేశాను. "పురుగు కనపడితే నా ఉద్యోగం పోతుందవ్వా." అవ్వ మగ్గం మీద నుంచి లేచి పక్కిళ్ల వైపు నడిచింది. నేను వెళ్లి అధికారిని వెంటబెట్టుకొచ్చేసరికి ప్రతి గుమ్మం ముందూ డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి! ఆయన మురిసిపోయి, వాటి పక్కన నిలబడి ఏడెనిమిది ఫోటోలు దిగాడు. తర్వాత చెమట తుడుచుకుంటూ, "మీ ఇల్లు ఈడేనంట కదమ్మా, మొగం కడుక్కుంటా" అన్నాడు.

పెరట్లో అడుగుపెట్టి ఇద్దరం ఆగిపోయాం. నా తొట్టి, బకెట్లు, చివరికి అన్నం గిన్నె కూడా నీళ్లతో నిండి ఉన్నాయి. వీధిలోని పురుగులన్నీ వాటిలో సభ తీర్చాయి.

"ఇదేందమ్మా?"

వెనకే వచ్చిన అవ్వ అందుకుంది. "ఆ నీళ్లు మావి సార్. పారబోసేకి చేతులు రాలేదు. మేడమ్ ఇంట్లో మీరు చూడరులే అనుకున్యాం. ఆ బిడ్డ ఉద్యోగం తీసేయొద్దప్పా. దినామూ కొళాయి ఇడిపిస్తానని చెప్పు, ఇప్పుడే పారబోస్తాం."

ఆయనకు ఉన్నట్టుండి ఫోనొచ్చింది. (మోగిన చప్పుడు మాత్రం మాకెవరికీ వినపడలేదు.) రిపోర్టులో వీధి మొత్తానికి పురుగులున్న ఇల్లు ఒక్కటే: నాది. ఉద్యోగం ఆ నెలతో సరి.

సాయంత్రం అవ్వ పాత చీర చించి, నీళ్లన్నీ వడగట్టి ఎవరివి వాళ్లకు పంచి, డ్రమ్ముల మూతులకు గుడ్డలు బిగించి కట్టించింది. "పురుగు పాయ, నీళ్లు మిగిలె. ఇది ముందే చెప్పింటే అయిపోయేది గదమ్మా!"

ఇప్పుడు హిందూపురంలో, మా పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, డ్రమ్ము గుడ్డ ముడి నాలుగుసార్లు తడిమి చూస్తాను. టార్చిలైటు పట్టుకున్న అప్పటి నాలాంటి పిల్ల మా గడప తొక్కితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. ముందు కూర్చోబెట్టి గ్లాసెడు మంచినీళ్లిస్తాను. అవి మొత్తం తాగేదాకా ఉపన్యాసం మొదలుపెట్టనివ్వను.