ధర్పల్లి గుట్టకు కుడివైపు దారి

1963 చలికాలంలో నన్ను నిజామాబాద్ నుంచి ధర్పల్లి గుట్టల సర్వేకు వేశారు. సర్వేయరుగా అప్పటికి కొత్తవాణ్ణే. ఊళ్లవాళ్లు తప్ప ఎవరూ పేరెత్తని గుట్టలవి. ఒక్కొక్కదాని కొనకెక్కి థియోడలైట్, అంటే కోణాలు కొలిచే దుర్భిణి యంత్రం, నిలబెట్టి చుట్టూ చూడాలి. ఎక్కే దారి వెతుక్కోవడం కూడా మా పనే.

యంత్రం పెట్టెను బండి మీదో గాడిద మీదో వేయకూడదు, అదురుతుంది. మనిషి వీపు మీదే పోవాలి. ఆ బరువు సర్వే కూలీల్లో పెద్దవాడైన మా ఖలాసీ యేసయ్యది. మెథడిస్టు కుటుంబం. ఆదివారం ఎవరు చెప్పినా పెట్టె ముట్టేవాడు కాదు. మిగతా రోజుల్లో అంత నమ్మకమైన మనిషి నాకు మళ్లీ దొరకలేదు.

మా క్యాంపు ఆఫీసరు ఏళ్ల తరబడి డ్రాయింగు గదిలో పనిచేసి ఫీల్డుకు వచ్చినవారు. గుడారం ముందు యంత్రంలోంచి పెద్ద గుట్టను చూసి, కొనకు ఎడమపక్క సందు ఉంది, అటు ఎక్కండి అన్నారు. చెట్ల గుబురులో మామూలు కంటికి ఆ సందు ఆనదు. సరేనని ఎక్కాం. పైన నున్నటి బండ నిలువుగా ఉంది. యేసయ్య పెట్టె దించాడు.

"సారూ, నేను పోనంటలేను. గీడ కాలువెట్ట జాగ లేదు. నేను వడితే వడ్డ, డబ్బ వడితే పనంత ఆగమైతది."

ఎక్కడిదాకా వెళ్లామో కింద నుంచి కనబడాలని, ఆగిన చోట సిగ్నలుకు వాడే పెద్ద తెల్లగుడ్డ కట్టి దిగి వచ్చాం. ఆఫీసరు మండిపడ్డారు. సందును తన కళ్లతో చూశానన్నారు. ఖలాసీ బద్ధకించాడనీ, రేపటి నుంచి పనిలోకి రావద్దనీ తేల్చేశారు. యేసయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. నాకు ఒళ్లు మండింది.

పొద్దున్నే ఆ తెల్లగుడ్డ మీదికి యంత్రం తిప్పాను. కొనకు ఎడమపక్క కట్టిన గుడ్డ యంత్రంలో కుడిపక్క కనబడింది! ఆ కాలపు దుర్భిణిలో బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు కూడా తారుమారై పడేది. అలవాటైన మనసు కింది కొనను పైకి తెచ్చుకుంటుంది, కుడి ఎడమలు మార్చుకోవడం మాత్రం మరచిపోతుంది. ఆఫీసరుకు జరిగింది అదే.

ఆయన్ని పిలిచి గుడ్డ ఎటువైపు ఉందో చూడమన్నాను. కుడివైపు అన్నారు. ఇప్పుడు యంత్రం లేకుండా చూడమన్నాను. చూశారు. మళ్లీ యంత్రంలోకి వంగి చూశారు. ఆ తర్వాత, యేసయ్యను పిలవమన్నారు.

కుడివైపు నుంచి ఎక్కాం. సందు ఉంది, రాళ్లు మెట్లలా ఉన్నాయి. యేసయ్య పెట్టె మోస్తూ ముందు నడిచాడు, ఆఫీసరు వెనక వచ్చారు. కొన మీద యంత్రం నిలిపితే బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ పొగ దాకా కనబడింది. ఆఫీసరు తన నీళ్లసీసా ముందు యేసయ్యకు ఇచ్చారు. తప్పయిందని నోటితో అనలేదు, మాలో ఎవరూ అడగలేదు.

ఆ దారిని పటంలో చుక్కల గీతగా నేనే వేశాను. ఉద్యోగంలో ఎన్నో గీతలు గీశాను గాని, గర్వంగా చెప్పుకునేది దాన్నే.

ఆ తర్వాత నేనూ క్యాంపు ఆఫీసరునయ్యాను. కాలు పెట్టే జాగ లేదని పైనుంచి ఖలాసీ చెబితే, అతన్ని అనుమానించే ముందు నేను చూసింది సరిగ్గా చూశానా అని మళ్లీ చూసుకునేవాణ్ణి.