నాన్న బేరిపళ్ళు తిన్న వానాకాలం

మా నాన్నకి ఆ జూన్‌లో పళ్ళన్నీ పీకించేశాం. అప్పటికి నోట్లో మిగిలినవి పదకొండు. అవీ కదులుతున్నాయి. చిగుళ్ళు పూర్తిగా పాడైపోయాయని, ఉంచి లాభం లేదని ఒంగోలులో ఒక డాక్టరు చెప్పాడు. గుంటూరులో మా ఇంటి దగ్గరున్న పళ్ళ డాక్టరమ్మ కూడా అదే మాట అంది. రెండు వారాల్లో మూడు విడతలుగా పీకేసి, "చిగుళ్ళు మానడానికి రెండున్నర నెలలన్నా పడుతుంది. ఆ తర్వాతే కట్టుడు పళ్ళకి కొలతలు తీసుకుంటాను. అప్పటిదాకా మెత్తటివే పెట్టండి" అంది.

అందుకని ఆ వానాకాలమంతా నాన్న గుంటూరు పక్కనే నల్లపాడులో ఉన్న మా ఇంట్లోనే ఉండిపోయాడు. మా పుట్టింటి ఊరు చీమకుర్తికి అవతల. మిరప, పత్తి వేస్తారు. నారు పోసే రోజులు కాబట్టి అమ్మ అక్కడే ఉండిపోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసేది. నాన్నది పెద్ద గొంతు. పొలం ఈ గట్టున పిలిస్తే ఆ గట్టున పలికేవాళ్ళు. పళ్ళు పోయాక మాట తేడా వచ్చింది. "స" అనబోతే గాలి పోయేది. "ఏంటయ్యా, సరిగ్గా చెప్పు, అర్థం కావట్లా" అని అమ్మ రెండుసార్లు అడిగేసరికి నాన్న ఫోను నా చేతికిచ్చేయడం మొదలుపెట్టాడు. అమ్మ అడిగినవి నేను చెప్పడం, నాన్న తల ఊపడం, ఆ ఊపడం ఏమిటో నేను అమ్మకి చెప్పడం. నారుమడి వ్యవసాయమంతా ఆ నెలలో అట్లాగే నడిచింది.

అసలు ఇబ్బంది తిండి దగ్గర వచ్చింది. నాన్న తిండి ఇష్టంగా తినే మనిషి. గోంగూరలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేవాడు. ఆయన భోజనం చేస్తుంటే పక్కవాళ్ళకి ఆకలేసేది. ఇప్పుడు పెరుగన్నం పిసికి పెడితే నాలుగు ముద్దలు తిని లేచేవాడు. అదీ మా ఆయన ఎదురుగా అయితే అస్సలు తినేవాడు కాదు. పళ్ళు లేని నోరు అల్లుడి ముందు ఆడించడం ఆయనకి సిగ్గు. మా ఆయన కంచం దగ్గర కూర్చుని పిలిస్తే, "ఆకలి లేదు అల్లుడుగారూ, మీరు కానివ్వండి" అని తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి పోయేవాడు. తర్వాత నేను గిన్నె పట్టుకెళితే తలుపు దగ్గరగా వేసుకుని తినేవాడు. నెల తిరిగేసరికి చొక్కా భుజాల మీద వేలాడింది.

మెత్తటి పండ్లు ఏమున్నాయా అని వెతికాను. అరటిపండు రెండు రోజులకే మొహం మొత్తింది. బొప్పాయి ఆయనకి చిన్నప్పటినుంచీ పడదు. మామిడి అయిపోవచ్చింది. నేను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వస్తూ నల్లపాడు రైల్వే గేటు దగ్గర ఒక తోపుడు బండి మీద పచ్చగా, మెడ సాగిన బేరికాయలు కనిపిస్తే నాలుగు తీసుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా బేరిపండు అంటే నాకు లెక్కే లేదు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళ్ళేటప్పుడు సంచిలో యాపిల్స్ పక్కన వేసుకెళ్ళే పండు అంతే. చిన్నప్పుడు ఊటీ కాయలని ముతక తొక్కవి వచ్చేవి. ఉప్పూ కారం అద్దుకుంటే తప్ప తినబుద్ధి అయ్యేది కాదు.

ఇంటికొచ్చి ఒకటి కోశాను. కత్తి దిగడమే కష్టమైంది. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఆ చెంపకీ ఈ చెంపకీ తిప్పి, తీసి పళ్ళెంలో పెట్టేశాడు.

"పళ్ళు లేనోడికి పళ్ళు తెచ్చావు. బానే ఉంది. వీటిని ఎక్కడ తవ్వారే, చీమకుర్తి క్వారీలోనా?" అన్నాడు.

ఆ ముక్కలు నేను తిన్నాను. చప్పగా, నోరు పిడచకట్టుకుపోయేట్టు ఉన్నాయి. మిగిలిన మూడూ ఫ్రిజ్ మీద బుట్టలో పెట్టి మర్చిపోయాను.

వారం తర్వాత స్కూలు ఒంటిపూట అయి మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. గుమ్మంలోకి రాగానే ఏదో తియ్యటి వాసన. నాన్న వంటింట్లో కుర్చీ వేసుకుని, ముందుకి వంగి, స్టీలు పళ్ళెం మీద చేతులు పెట్టి ఏదో తింటున్నాడు. రసం ముంజేతి మీదుగా మోచేతి దాకా కారుతోంది. నన్ను చూసి గబుక్కున తువ్వాలు అందుకున్నాడు.

"పాడైపోతుందని తిన్నా" అన్నాడు.

"తిను నాన్నా. ఇంకా రెండుండాలిగా?"

"ఒకటే ఉంది. నిన్నొకటి తిన్నా."

ఆ ఉన్నదాన్ని చెరిసగం చేసుకున్నాం. అది వారం క్రితం నేను తెచ్చిన కాయేనంటే నమ్మలేకపోయాను. పచ్చదనం పోయి పసుపు తిరిగింది. కత్తి బరువుకే తెగింది. ముక్కని నాలికతో అంగిలికి నొక్కితే చాలు, కరిగి గొంతులోకి జారింది. తీపి చివర సన్నటి పులుపు. పంచదార పలుకుల్లాంటి గరుకు నాలిక మీద కొద్దిగా మిగిలింది. నాన్న తన సగం తినేసి తొడిమ కూడా చీకాడు. నెల రోజుల్లో ఆయన ఇంకా కావాలని అడిగింది అదే మొదలు. "సాయంత్రం ఆ బండి దగ్గరికి నన్ను తీసుకుపో" అన్నాడు.

బండి ఆమెకి నలభై ఏళ్ళుంటాయి. గట్టి మనిషి. నాన్న వెళ్ళీ వెళ్ళగానే ఒక్కో కాయ తీసి బొటనవేలితో పొట్ట మీద నొక్కడం మొదలుపెట్టాడు. ఆమె చేతిలో ఉన్న కవరు పక్కన పడేసింది.

"పెద్దాయనా! అట్టా నొక్కితే నొక్కిన కాడల్లా నల్లబడిపోద్ది. ఆ కాయ ఇంకెవరు కొంటారు?"

"పండిందో లేదో చూడొద్దా?"

"చూడు. ఇట్టా చూడు" అని ఒక కాయ తీసి తొడిమ పక్కన, మెడ దగ్గర మెల్లగా వేలు పెట్టింది. "ఇది లోపల్నుంచి పండుద్ది. పొట్ట మెత్తబడిందంటే లోపల కుళ్ళినట్టే. ఇక్కడ మెడ కాడ వేలు ఆనితే కొంచెం లోపలికి పోవాల. ఆ రోజే తినెయ్యాల. మర్నాటికి ఉంచకూడదు."

నాన్న ఆ కాయ తీసుకుని మెడ దగ్గర వేలు పెట్టి చూశాడు. ఇంకోటి చూశాడు. ఆయనకి ఎవరైనా పని నేర్పితే కోపం రాదు, నేర్పేవాళ్ళకి పని వచ్చి ఉండాలంతే. "అమ్మాయ్, అయితే ఇయ్యాల్టికొకటి, రేపటికొకటి, ఎల్లుండికొకటి ఏరి ఇయ్యి" అన్నాడు. ఆమె నవ్వి ఏరింది.

మర్నాటినుంచి నాన్నే వెళ్ళేవాడు. పొద్దున పదింటికి గొడుగేసుకుని బయల్దేరితే గంటకి గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఆమెతో మాట్లాడేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు కాదని తర్వాత ఆమే నాకు చెప్పింది. తెచ్చిన కాయల్ని వెనక గది కిటికీలో వరసగా పేర్చేవాడు, ఎడమవైపుది ముందు తినాల్సింది. రోజూ లేవగానే అన్నింటి మెడలూ ముట్టుకుని వరస మార్చేవాడు.

కాయల్లో రకాలున్నాయని నాకు ఆయన వల్లే తెలిసింది. పేర్లు ఆయన సొంతంగా పెట్టుకున్నవే. నేను మొదట తెచ్చినవి ఆఫ్రికా నుంచి వస్తాయట, వాటిని 'మెడకాయ' అనేవాడు. చిన్నగా, ఒక పక్క ఎరుపు తిరిగి ఉండేవి 'బుగ్గకాయ'. అవి మెడకాయలంత మెత్తబడవు గానీ తీపి ఎక్కువ. తొక్క కొంచెం వగరు కాబట్టి చెక్కి ఇవ్వమనేవాడు. చైనా నుంచి వచ్చేవి గుండ్రంగా, లేత పసుపు రంగులో ఉంటాయి. ఒక్కోదానికీ తెల్లటి మెత్తని వల తొడిగి ఉంటుంది. రంగు చూసి అవి పండినవే అనుకుని నాన్న మూడు తెచ్చుకున్నాడు. కిటికీలో పన్నెండు రోజులు పెట్టాడు. మెడ దగ్గర వేలు దిగలేదు. అసలు వాటికి మెడే లేదు. బండి ఆమెని నిలదీస్తే ఆమె పగలబడి నవ్విందట. "అది ఏడాదున్నా అంతే పెద్దాయనా. కరకరలాడటమే దాని పని." వాటిని నేను తురిమి పిండి ఇచ్చాను. గ్లాసు నిండా రసం వచ్చింది. చల్లగా, చెరుకు రసానికి నీళ్ళు కలిపినట్టు ఉంది. నాన్న తాగి, "ఇది నీళ్ళకాయ" అని తేల్చేశాడు.

ఆగస్టు చివర్లో కాశ్మీరు కాయలు దిగాయి. బండి ఆమె వాటిని బాబుగోషా అనేది. చూడ్డానికి ఏమీ బాగుండవు. మరకలు మరకలుగా, పొట్టిగా ఉంటాయి. వాసన మాత్రం ఇల్లంతా అల్లుకుంటుంది. ఒక ఆదివారం మా ఆయన బజారు నుంచి వస్తూ రెండు కిలోలు తెచ్చాడు. అన్నీ ఒకేసారి పండిపోయి ఉన్నాయి. మామూలుగా నేనే పళ్ళెంలో వేసి నాన్న గదికి పట్టుకెళ్ళేదాన్ని. ఆ రోజు నేను పప్పు తిరగమోత వేస్తున్నాను. మా ఆయన పళ్ళెం తీసుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను పొయ్యి కట్టేసి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నాన్న తువ్వాలు మూతి మీద వేసుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"మామయ్యగారూ, ఇవి సాయంత్రానికి పాడైపోయేట్టున్నాయి. ఏది ముందు తినాలో నాకు తెలియదు. మీరు చూసి చెప్పండి" అన్నాడు మా ఆయన.

నాన్న ఒక చేత్తోనే కాయలు ఏరి రెండు కుప్పలు పెట్టాడు. మా ఆయన మొదటి కుప్పలోంచి ఒకటి తీసి, కొయ్యకుండానే కొరికాడు. రసం గడ్డం మీదుగా బనీను మీదికి కారింది. జుర్రుమని పీల్చాడు. రసం ఆగలేదు. ఇంకొంచెం కారింది.

నాన్న చూస్తూ చూస్తూ తట్టుకోలేకపోయాడు. "అట్టా కాదు అల్లుడుగారూ! ముందుకి వంగాలి. ఇట్టా వంగి, కింద పళ్ళెం పెట్టుకుని తినాలి" అని తువ్వాలు తీసి పక్కన పెట్టి, ఒక పండు తీసుకుని వంగి చూపించాడు.

మా ఆయన అట్లాగే వంగాడు. ఇద్దరూ ఒకే పళ్ళెం మీద తలలు ఆనేంత దగ్గరగా వంగి తిన్నారు. కాసేపటికి మా ఆయన, "మా నాన్న కట్టుడు పళ్ళు తీసి మంచినీళ్ళ గ్లాసులో పెట్టి, ఆ గ్లాసు అన్నం గిన్నెల మధ్యలో పెట్టేవాడండీ. ఒకసారి చుట్టాలాయన ఆ గ్లాసు ఎత్తబోయాడు" అన్నాడు.

నాన్న నవ్వాడు. నోరంతా తెరుచుకుని, చిగుళ్ళు కనపడేట్టు, భుజాలు కదిలేట్టు నవ్వాడు. నేను మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం నేను మూడు కంచాలు పెట్టాను. నాన్న వచ్చి మా ఆయన పక్కనే కూర్చుని, పప్పన్నం మెత్తగా కలిపించుకుని తిన్నాడు.

సెప్టెంబరు చివరికి కట్టుడు పళ్ళు వచ్చాయి. మొదటి రోజు పెట్టుకుని, "నోట్లో ఎవరి సామానో దాచినట్టుంది" అన్నాడు. డాక్టరమ్మ మెత్తటి పండు చిన్న ముక్కలు చేసుకుని రెండు వైపులా నమలమంది. అందులో నాన్నకి ఇంకొకరు చెప్పాల్సింది లేదు. మూడు రోజులు బాగా పండిన మెడకాయ. తర్వాత రెండు రోజులు సగం పండింది. అటు తర్వాత బుగ్గకాయ. ఎనిమిదో రోజు నీళ్ళకాయ కొరకబోతే కింది సెట్టు లేచిపోయి చిగురు కోసుకుపోయింది. రెండు రోజులు మళ్ళీ పెరుగన్నం. కోపంగా సెట్టు డబ్బాలో పెట్టేసి, "నాకివి వద్దు, ఊరికి పోతా" అన్నాడు. మా ఆయన సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె ఒక పక్క కొంచెం అరగదీసి ఇచ్చింది. ఈసారి ముందు పళ్ళతో కొరకొద్దని, కోసి వెనక పళ్ళ మీద వేసుకోమని చెప్పింది. వారం తర్వాత నేను పేపర్లు దిద్దుకుంటుంటే పక్క గదిలోంచి కరకరమని చప్పుడు వినిపించింది. నిదానంగా, ఆగి ఆగి. చూడ్డానికి వెళ్ళలేదు. ఆ ఒక్క కాయ తినడానికి అరగంట పట్టింది.

అక్టోబరులో ఊరికి బయల్దేరేటప్పుడు బండి ఆమె ఆ ఏటికి చివరగా వచ్చిన ఊటీ కాయలు ఒక సంచి నిండా ఏరి పెట్టింది. నేను ఆ వారాంతం నాన్నని దింపడానికి వెళ్ళాను. అప్పటికి మిరప తోట వేసి నెల దాటింది. అమ్మ ఒక్కతే కూలీలని పెట్టి వేయించింది. మొక్క బానే నిలబడింది. నాన్న ఇంట్లో కాలు పెట్టగానే పొలం పోయి చూసొచ్చాడు. ఏ తప్పూ దొరకలేదు. తర్వాత సంచి విప్పి అమ్మకి ఒక కాయ కోసిచ్చి, ఏ రకం ఎట్లా ఉంటుందో, మెడ ఎక్కడ నొక్కాలో చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ ముక్క నమిలి మొహం చిట్లించింది.

"మూణ్ణెల్లూ ఇదా నువ్వు తిన్నది?"

"ఇది కాదే. అవి వేరే. ఇది మన కాయ, గట్టిగా ఉంటది."

"పండుగా నాకొద్దు" అని అమ్మ సంచి తీసుకుపోయి, నాలుగు కాయలు చెక్కు తీసి ముక్కలు కోసి, పచ్చిమిరపకాయలతో పాటు నూనెలో మగ్గించింది. చింతపండు కొంచెమే వేసి, జీలకర్ర, వెల్లుల్లి కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. వేడన్నంలో కలుపుకుంటే పులుపూ కారం మధ్యలో ఆ పంచదార గరుకు పంటికి తగిలింది. దొండకాయ పచ్చడికీ మామిడికాయ పచ్చడికీ మధ్యలో ఉందని నేనన్నాను. నాన్న మళ్ళీ వడ్డించుకున్నాడు. సోమవారం పొద్దున నేను బస్సెక్కుతుంటే అమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, వచ్చే ఏడు ఆ గట్టి కాయలు దిగగానే ఒక సంచి పంపమని, మెత్తటివి మాత్రం వద్దని చెప్పింది.